పదకొండో మంచం ఉత్తరం

మా కాలేజీ పత్రికలో ఆ ఏడాది వేసిన ఫొటోలో నేను లేను. ఫొటో కింద 'యుద్ధ సమయంలో మన ఆసుపత్రి కమిటీ' అని ఉంటుంది. ఏడుగురు అమ్మాయిలు, మధ్యలో కుర్చీలో కమిటీ బాధ్యత చూసే లెక్చరర్ మేడమ్. ఎడమ చివర నిలబడిన అమ్మాయి పక్కన ఇంకొకరు పట్టేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎవరూ కావాలని వదిలింది కాదు. గాలికి కొంగు ఎగిరి ఆమె కాస్త జరిగి ఉంటుంది. అయినా అది నా చోటేనని ఇన్నేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఫొటో తీస్తున్నప్పుడు లైబ్రరీ కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఎవరూ పిలవలేదు. నేనూ వెళ్లలేదు.

నాకు ఏదీ మరుపు రాదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఏడో తరగతిలో నా లెక్కల పుస్తకం తీసుకుని చింపి ఇచ్చిన అమ్మాయి మొహం ఇప్పటికీ గుర్తు. మా పిన్ని కూతురి పెళ్లి శుభలేఖలో మా నాన్న పేరు ఎన్నో వరసలో వేశారో గుర్తు. ఎవరు ఏమన్నారో, ఏ గదిలో అన్నారో, అప్పుడు ఇంకా ఎవరెవరున్నారో చెప్పగలను. ఈ రాస్తున్నది కూడా ఫిర్యాదే. ఎవరి మీదో తేలక ఇంతకాలం రాయలేదు.

మా నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఢిల్లీ రామకృష్ణాపురంలో సర్కారు క్వార్టర్లో ఉండేవాళ్లం. కాలేజీ నగరం దక్షిణపు అంచున, ఒక పాత బంగళాలో నడిచేది. గదులు చాలక రేకుల షెడ్లు వేశారు. అందరి మొహాలూ అందరికీ తెలిసినంత చిన్న కాలేజీ. నేను బీయే రెండో ఏడు. తెలుగుదాన్ని నేనొక్కతెనే.

డెబ్బై ఒకటి డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలవగానే కాలేజీ అంతా కమిటీలైపోయింది. కిటికీ అద్దాలకు నల్ల కాగితం అతికించడానికొక కమిటీ. పచ్చిక తవ్వించి కందకాలు సిద్ధం చేయడానికొకటి. కట్లు కట్టడం నేర్పడానికొకటి. క్యాంటీన్లో బెంచీ ఎక్కి ఎవరో కమిటీ పేరు అరిస్తే, ఇష్టమైన వాళ్లు చెయ్యెత్తాలి. అంతే ఎన్నిక. కంటోన్మెంటులో మిలిటరీ ఆసుపత్రికి వెళ్లే కమిటీ పేరు చదివినప్పుడు నేను చెయ్యెత్తాను. అప్పటిదాకా ఆ కాలేజీలో దేనికీ ఎత్తలేదు.

ఆ కమిటీ సెక్రటరీ మూడో ఏడు చదువుతున్న పంజాబీ అమ్మాయి. అందరం దీదీ అనేవాళ్లం. పొడవుగా, గట్టిగా నవ్వే మనిషి. పనిమంతురాలే, ఆ మాట కాదనను. మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగున్నర దాకా వార్డులో మాకు అనుమతి. పళ్లు పంచడం, కంబళ్లు సర్దడం, చేతులకు దెబ్బలు తగిలినవాళ్లకూ చదువు రానివాళ్లకూ ఉత్తరాలు రాసిపెట్టడం మా పని. దానికి ఆసుపత్రి వాళ్లు పెట్టిన పద్ధతి ఒకటుంది. రోగి పేరు, ఊరు, పటాలం మేము అడగకూడదు. మంచం నంబరుతోనే పిలవాలి. ఇన్‌లాండ్ కవరు లోపలి భాగం మాత్రమే మేము రాయాలి. చివర సైనికుడు సంతకమో వేలిముద్రో వేస్తాడు. దీదీ ఒకసారి చదివి, యుద్ధం సంగతులేమీ లేవని చూసి వార్డు హవల్దారుకు ఇస్తుంది. చిరునామా ఆయన తన రిజిస్టరు చూసి రాసుకుంటాడు.

మొదటిరోజు గురువారం. పదకొండో మంచం మీద పొట్టకు కట్టుతో ఒకాయన ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు. ఆ పక్క పన్నెండో మంచం మీద కాలికి పిండికట్టుతో హర్యానా మనిషి ఒకాయన. "ఈ ఆంధ్రావాడికి ఎవరితోనూ మాటల్లేవు, పొద్దస్తమానం కప్పుకేసి చూస్తాడు" అని ఆయనే నాకు హిందీలో చెప్పాడు. నేను పదకొండో మంచం దగ్గరికెళ్లి, ఉత్తరం రాయమంటారా అని తెలుగులో అడిగాను.

ఆయన తల తిప్పి నా మొహంలోకి చూశాడు.

"ఓలమ్మా! తెలుగే?"

"అవునండీ."

"ఇంకో ముక్క మాటాడమ్మా. ఏదో ఒకటి. ఐదురోజులై మన మాట సెవిన పడనేదు."

ఏం మాట్లాడాలో తెలియక, ఢిల్లీ చలి గురించి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. సికాకుళం జిల్లా అని చెప్పి ఇంకేదో చెప్పబోతుంటే నేనే వద్దని ఆపాను. నిబంధన అంటే నాకు అప్పటికే భక్తి.

ఉత్తరం భార్యకు. ఆమెకు చదువు రాదు.

"మా మేస్టారు సదివి పెడతారమ్మా. ఆయనకి గొంతు పెద్దది. అరుగు మీద కూకుని సదివితే ఈధి ఈధంతా ఇంటాది. అదీ తంటా. అన్నీ సెప్పాల. ఏటీ సెప్పినట్టుండకూడదు."

ఆ రోజు నాలుగు వాక్యాలు సాగాయి. ఆయన క్షేమం. ఆమె, పిల్లవాడు క్షేమమని తలుస్తున్నాడు. కాస్త జ్వరం వచ్చి తగ్గింది. కంగారు పడవద్దు. కడుపులోంచి ఇనపముక్క తీశారని రాయమంటారా అని అడిగితే, "జరం సాల్లే అమ్మా, జరం అందరికీ తెలుస్తాది" అన్నాడు.

శుక్రవారం అసలు సంగతి చెప్పాడు. రెండేళ్ల కిందట బావమరిది పెళ్లికి వెళ్లాడట. భోజనాల దగ్గర ఆయన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు.

"ఇంటల్లుణ్ణమ్మా! మొదటి బంతిలో ఎవులెవులో కూకున్నారు. పెళ్లికూతురు వోళ్లంట, కరణంగోరి సుట్టాలంట. నాను నిలబడి సూస్తన్నాను. రెండో బంతిలో ఇస్తరేసినారు. అన్నం వొడ్డించకముందే లేచొచ్చీసినాను."

"మంచిపని చేశారు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ వార్డులో నాకు బాగా అర్థమైన మొదటి సంగతి అదే.

ఆయన నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు.

"మంచిపనే అనుకున్నానమ్మా నానూ. ఆ గుమ్మం తొక్కనన్నాను. అక్కడితో ఊరుకున్నానా? నువ్వూ తొక్కకూడదని మా ఆడదాని సేత ఒట్టేయించుకున్నాను. బిడ్డ తల మీద సెయ్యెట్టించి. రెండేళ్లు. కన్నోరిల్లు రెండు కోసులే. ఈలోగా మా అత్తకి పచ్చవాతం వొచ్చి మంచాన పడింది. అయినా ఇది ఎల్లనేదు. నానొద్దన్నానని ఎల్లనేదు."

కంబళి పైకి లాక్కున్నాడు.

"మొన్న సెలవుకి ఎల్లినప్పుడు తెలిసిందమ్మా. మొదటి బంతిలో లడ్డూలు అయిపోతాయని మా అత్త నాకోసం రెండు తీసి ఉట్టిలో దాసిందంట. నాను లేచొచ్చీసినాక గూడా, తిరిగొస్తాడేమోనని సాయంత్రం దాకా ఎవుల్నీ ముట్టనియ్యనేదంట."

అప్పుడు కూడా భార్యతో ఆ మాట అనలేకపోయాడట. సెలవు అయిపోయింది, రైలెక్కేశాడు. ఇప్పుడు ఆ ఒట్టు తీసెయ్యాలి. ఆమె తల్లి దగ్గరికి వెళ్లాలి. ఆ ఒక్క ముక్క రాయడానికే ఉత్తరం.

కాని ఎలా రాయాలి? 'నాది తప్పు' అని రాద్దామంటే వీధి అంతా వింటుంది. 'నువ్వు వెళ్లు' అని రాస్తే ఎక్కడికని మాస్టారు అడుగుతారు. రెండు మూడు రకాలుగా చెప్పి చూసుకుని, చివరికి ఆయనే పిల్లవాడిలా నవ్వాడు.

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టీసినానని రాసీయమ్మా. దానికి తెలుస్తాది."

నేను 'నీ చేత వేయించుకున్న ఒట్టు ఇక' అని రాసి ఆగాను. బీయే చదువుతున్నదాన్ని. నాకు ఆ మాట నచ్చలేదు.

"అది చిన్నపిల్లలు అనుకునే మాట కదండీ. మీరు బాగా ఆలోచించి చెప్పండి. రేపు పూర్తి చేద్దాం."

గంట కొట్టారు. ఆయన సరేనన్నాడు. "రేపొస్తావు కదమ్మా? ఈలోగా మంచి మాటలు కూడగట్టి ఉంచుతాను."

ఉత్తరం నా నోటుపుస్తకంలో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున కమిటీ సమావేశం. స్టాఫ్ రూము పక్క గదిలో, నల్లకాగితం అతికించిన కిటికీ కింద కూర్చున్నాం. రాసిన ఉత్తరాలన్నీ దీదీ లెక్కగా చెప్పింది. ఫలానా మంచం హిందీ, ఫలానా మంచం పంజాబీ, తాను చదివానంది. ఒక మలయాళం ఉత్తరం నర్సు చదివింది. తరవాత నా వైపు చూసింది.

"ఇదొక్కటే కష్టం. క్యా పతా, మద్రాసీలో ఏం రాస్తోందో! రెండు రోజులనుంచి కూర్చుని జిలేబీలు చుడుతోంది."

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. నేను పేరుపేరునా చూశాను, ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో. నవ్వని వాళ్లు లేరు.

"నేను మద్రాసీని కాను," అన్నాను.

"అచ్ఛా బాబా, ఠీక్ హై. కాదు. కాని నేను చదవలేని కాగితం నా చేతుల మీదుగా ఎలా పంపను? రేపు ఏదైనా అయితే అడిగేది నన్ను."

మేడమ్ మెత్తగానే చెప్పింది. ఇది నా మీద అనుమానం కాదట. కమిటీకి రాని భాషల్లో ఉత్తరాలు ప్రస్తుతానికి ఆపుతున్నారట. నేను మానక్కరలేదట, పళ్లు పంచే జట్టులో వెళ్లవచ్చట.

నేను లేచి నిలబడ్డాను. దీదీ నా చెయ్యి పట్టుకుని "అరే, బైఠో నా!" అంది. విదిలించుకుని వచ్చేశాను. ఆ రోజు రెండున్నరకి ఆసుపత్రికి వెళ్లే బస్సు మా గేటు ముందే ఆగింది. నేను కందకం గట్టు మీద కూర్చుని అది కదిలేదాకా చూశాను.

ఇంట్లో చెప్పాను. మా నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు. ఆయన జీవితమంతా కాగితాల మీద గడిపిన మనిషి. నోటితో అడిగింది గాలికి పోతుందని, కాగితానికి మాత్రం ఎవడైనా జవాబు చెప్పి తీరాలని ఆయన నమ్మకం. ఢిల్లీలో మా క్వార్టర్ల వాళ్లందరి నమ్మకం అదే. కుళాయి కారినా, నీళ్లు రాకపోయినా, పక్కింటివాళ్ల కుక్క మొరిగినా అర్జీ రాసేవాళ్లం.

"నువ్వు పోట్లాడకు అమ్మాయ్. అర్జీ పెడదాం. తెలుగు ఉత్తరాలు నేను చదివి, అభ్యంతరకరమైనదేమీ లేదని సంతకం చేసి ఇస్తానని రాద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి సంతకాన్ని ఎవడు కాదంటాడు?"

"ప్రిన్సిపాల్‌కి ఇవ్వనా?"

"నేరుగా ఇస్తే తిరగ్గొడతారు. మీ మేడమ్ ద్వారా వెళ్లాలి. ప్రాపర్ ఛానల్."

మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ అబ్బాయి ఎదురుచూస్తుంటాడేమోనే. ఊరికే వెళ్లి కాసేపు కూర్చుని రారాదూ? రాయొద్దన్నారు గాని మాట్లాడొద్దన్లేదుగా?" అంది.

"ఊరికే వెళ్తే వాళ్లన్నది ఒప్పుకున్నట్టే," అన్నారు నాన్న.

నేనూ అదే అన్నాను. నాన్న కన్నా ముందు అన్నాను.

ఆదివారమంతా అర్జీ రాశాం. నాన్న మూడుసార్లు దిద్దారు. కార్బను పెట్టి మూడు ప్రతులు తీశాం. సోమవారం పొద్దున మేడమ్ చేతికిచ్చి, నా ప్రతి మీద 'అందినది' అని సంతకం చేయించుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇంత చిన్నదానికి ఇదంతా ఎందుకమ్మా? సరే, నా అభిప్రాయం రాసి పైకి పంపుతాను," అంది. నాకు గెలిచినట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం క్లాసు అవుతుండగా దీదీ గుమ్మంలోకి వచ్చి సైగ చేసింది. బయటికి వెళ్లాను. చేతిలో నారింజపళ్ల బుట్ట ఉంది.

"సునో, నీ పదకొండో మంచం మనిషి అడుగుతున్నాడు. గ్యారహ్ నంబర్. శనివారం అడిగాడు, నిన్న అడిగాడు. ఒంట్లో కూడా అంత బాగున్నట్టు లేదు. చలో."

"రాయడానికా?"

"అరే, ముందు రా. మాట్లాడు. రాయడం సంగతి తరవాత చూద్దాం. మేడమ్‌కి నేను చెప్పుకుంటాను."

"రాసివ్వు," అన్నాను.

"ఏమిటి?"

"నేను తెలుగులో ఉత్తరం రాయవచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టు. అప్పుడు వస్తాను."

ఆమె నన్ను కాసేపు చూసింది. "పాగల్ హై క్యా?" అంది. కోపంగా అన్లేదు. నాకు పిచ్చా అని నిజంగా అడుగుతున్నట్టే అంది. బుట్ట ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్లిపోయింది.

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. నాకు సంతోషంగా ఉంది. ఇప్పుడైనా నిజం చెప్పాలి కదా. ఇంకొకసారి ఆమె రావలసి వస్తుంది, అప్పుడు కూడా ఇదే చెబుతాను అనుకున్నాను. ఆయన గురించి అనుకోలేదా? అనుకున్నాను. ఆయన రెండో బంతి ముందు నుంచి లేచిన మనిషి, నన్ను ఆయనే అర్థం చేసుకుంటాడు అనుకున్నాను.

మంగళవారం అర్జీ మేడమ్ బల్ల మీదే ఉంది. దీదీ వరండాలో ఎదురుపడి నన్ను చూడనట్టు పోయింది. బుధవారం అర్జీ ప్రిన్సిపాల్ గదికి చేరింది. ఆయన పౌర రక్షణ సమావేశానికి వెళ్లారు. గురువారం సాయంత్రం రేడియోలో గెలిచామని చెప్పారు. మా క్వార్టర్లలో జనం బయటికొచ్చి కిటికీల నల్లకాగితాలు చింపారు. శుక్రవారం కాలేజీలో డోలు తెప్పించారు. అమ్మాయిలు పచ్చిక మీద భాంగ్రా ఆడుతున్నారు. క్యాంటీన్ ముందు లడ్డూలు పంచుతున్నారు. ఆ గోలలో గుమాస్తా నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'తండ్రి ధ్రువీకరణకు లోబడి తెలుగు ఉత్తరములు వ్రాయుటకు అనుమతించడమైనది' అని ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కింద ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర.

దాన్ని దీదీకి చూపించాలని వెతికాను. ఆడుతున్నవాళ్ల మధ్యలో ఉంది. ఎంతకీ బయటికి రాలేదు. ఎవరో నా చేతిలో లడ్డూ పెట్టారు. దాన్ని రుమాలులో కట్టుకుని బస్సెక్కాను.

వార్డులో పదకొండో మంచం మీద తెల్లని దుప్పటి బిగించి పరిచి ఉంది. పక్కకి మార్చారేమోనని అటూ ఇటూ చూశాను. పన్నెండో మంచం హర్యానా ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"ఆ గయీ, బేటీ?"

ఖాళీ మంచం వైపు చూశాడు. నేనే అడిగాను. బుధవారం తెల్లవారకముందు పోయాడని చెప్పాడు. ఆదివారం నుంచి జ్వరం పెరిగిందట. నిజంగానే జ్వరం.

"మూడు కొట్టగానే తలుపు వైపు తిరిగేవాడు. ఆ పొడుగు దీదీ హిందీలో రాస్తానని కూర్చుంది, రెండు రోజులు. వద్దన్నాడు. తమ ఊరి మాస్టారికి హిందీ రాదన్నాడు. నువ్వు ఎందుకు రావడం లేదని అడిగితే దీదీ చెప్పింది, బేటీకి ఇమ్తిహాన్లు ఉన్నాయని. అది విని సంతోషించాడు. చదువుకోనీ, చదువుకోనీ అన్నాడు."

నాకు పరీక్షలేమీ లేవు.

హవల్దారు దగ్గరికి వెళ్లి ఉత్తరం ఇచ్చాను. ఎలాగైనా ఆయన ఇంటికి పంపమన్నాను. ఆ పెద్దమనిషి కవరు విప్పి, అటూ ఇటూ తిప్పి, అడుగున చూశాడు.

"సంతకం లేదు. అంగూఠా లేదు. ఉత్తరం సగంలో ఆగింది."

"ఆయన చెప్పిందే రాశానండీ."

"నువ్వు రాశావు బేటీ. అతను చెప్పాడని ఎవరు చెప్పాలి?"

ప్రిన్సిపాల్ ఇచ్చిన కాగితం చూపించాను. ఆయన ఓపిగ్గా చదివాడు. "ఇది ఉత్తరం రాయడానికి అనుమతి," అని మడిచి తిరిగిచ్చాడు. మరి చిరునామా ఇవ్వండి, నేనే పంపుకుంటాను అన్నాను. బయటివాళ్లకు ఇవ్వకూడదన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి మంచినీళ్లు తెప్పించాడు. నేను తాగలేదు.

గేటు బయట బస్సు కోసం నిలబడినప్పుడు రుమాలులో లడ్డూ ఉందని గుర్తొచ్చింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేకపోయాను, పారెయ్యలేకపోయాను. ఇంటికి తెస్తే మా అమ్మ అడిగింది, ఏమైందే అని. చెప్పాను. ఆవిడ స్టవ్ మీది పాలు దింపింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆసుపత్రి వాళ్లకి అర్జీ పెడదాం," అన్నారు. ఆ రోజు మొదటిసారి ఆయన గొంతు నాకు నచ్చలేదు.

అయినా పెట్టాం. ఒకటి కాదు. ఆసుపత్రికి, తరవాత ఇంకో కార్యాలయానికి, అక్కణ్ణించి మరొక చోటికి. మంచం నంబరు ఆధారంగా వివరాలు ఇవ్వడం సాధ్యం కాదని జవాబులొచ్చాయి. పేరు తెలపమన్నారు. పేరు నాకు తెలియదు. అడగకూడదన్నారు కాబట్టి అడగలేదు. ఆయన చెప్పబోతే ఆపింది నేనే.

నేనూ కేంద్ర ప్రభుత్వంలోనే చేరాను. ఎనభైల్లో ఒక వేసవి సాయంత్రం ధౌలా కువాన్ బస్టాపులో దీదీ కనిపించింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. పక్కన స్కూలు బ్యాగుతో కూతురు. నన్ను చూడగానే అదే పెద్ద నవ్వు.

"అరే, తూ! కమిటీలో ఉండేదానివి కదా!"

"లేను. నన్ను తీసేశారు."

"తీసేశామా? ఎందుకు?"

పన్నెండేళ్లు ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకుని ఉన్నాను. జిలేబీల మాట, మద్రాసీ మాట, ఎవరెవరు నవ్వారో, అన్నీ వరసగా చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని వింది.

"నేనలా అన్నానా? అయ్యుండొచ్చు. అప్పుడు నాకు నోరు ఎక్కువ." తరవాత నుదురు చిట్లించింది. "గ్యారహ్ నంబర్... లడ్డూవాలా?"

"లడ్డూ సంగతి నీకెలా తెలుసు?"

"చెప్పాడుగా. వచ్చీరాని హిందీలో. సాస్, లడ్డూ, మళ్లీ సాస్, మళ్లీ లడ్డూ. అత్తగారి గురించని మాత్రం తెలిసింది. కళ్లలో నీళ్లు. నాకు సగం అర్థం కాలేదు. తల ఊపుతూ కూర్చున్నాను, అంతే. ఏం చెప్పాలనుకున్నాడు?"

"ఏమీ లేదు," అన్నాను.

ఆమె కూతురు బస్సు వస్తోందా అని తొంగి చూస్తోంది. దీదీ గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నేను నీ క్లాసుకి వచ్చాను కదా?"

"వచ్చావు."

"మరి నువ్వెందుకు రాలేదు?"

మందలింపుగా అడగలేదు. తెలియక అడిగింది. అప్పుడే ఏదో బస్సు ఆగింది. నా బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది మా వైపు వెళ్లే బస్సు కాదు.

దీదీ మీద నా కోపం పోలేదు. పోయిందని రాస్తే ఈ కాగితం మీద అబద్ధం రాసినట్టవుతుంది. ఆ నవ్వు ఇంకా వినిపిస్తుంది. కాని ఆమె ఆ మంచం పక్కన రెండు రోజులు కూర్చుంది. అర్థం కాని మాటలకు తల ఊపింది. నేను అర్థం చేసుకోగలదాన్ని, కందకం గట్టు మీద కూర్చున్నాను.

నాన్న పోయాక ఆయన ఫైళ్లు నా దగ్గరికి వచ్చాయి. ఒకదాని మీద ఆయన చేతి రాతతో నా పేరు, కాలేజీ పేరు ఉన్నాయి. అందులో అర్జీ ప్రతి ఉంది, మేడమ్ 'అందినది' సంతకంతో. ప్రిన్సిపాల్ అనుమతి ఉంది, ముద్రతో. ఎక్కడా ఏ లోపమూ లేదు. వాటికింద ఆ ఇన్‌లాండ్ ఉత్తరం పెట్టాను.

ఆ భార్యకు మిలిటరీ వాళ్ల తంతి వెళ్లి ఉంటుంది. మాస్టారు అరుగు మీద కూర్చుని అదీ చదివే ఉంటారు. ఆ తరవాత ఆమె తల్లి దగ్గరికి వెళ్లిందో లేదో నాకు తెలియదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు, వేయించుకున్న మనిషి తియ్యకుండానే పోయాడు. ఆమె నాలాంటిదైతే వెళ్లి ఉండదు. రెండు కోసుల దారి.

అప్పుడప్పుడు ఆ ఉత్తరం తీసి చూస్తాను. సిరా గోధుమరంగులోకి తిరిగింది. 'నీ చేత వేయించుకున్న ఒట్టు ఇక' అన్న దగ్గర ఆగిపోయింది. దాని పక్కన నాలుగు మాటలు పట్టే చోటుంది. ఆ నాలుగు మాటలూ ఆయన నాకు శుక్రవారమే చెప్పాడు. బాగా లేవని నేనే రాయలేదు.